ఊరి ప్రణాళికలో ఢిల్లీ మాట ఎంత, మీ మాట ఎంత?

"పంచాయతీకి డబ్బు వచ్చినది గదా, ఎండిన బోర్ల సంగతి ఎందుకు చూడరు?" అని మీరు గ్రామసభలో అడిగియుందురు. "అది తాగునీటికి, పారిశుద్ధ్యమునకు కేటాయించిన డబ్బు" అని కార్యదర్శి చెప్పియుండును. ఇద్దరి మాటయు నిజమే, కాని సంగతి అంతటితో తీరలేదు.

2021–26 కాలమునకు 15వ ఆర్థిక సంఘము పెట్టిన లెక్క చూడుడు. పంచాయతీకి వచ్చు ప్రతి 100 రూపాయలలో 30 తాగునీటికి, 30 పారిశుద్ధ్యమునకు. తక్కిన 40 ఊరి అవసరములకు. జీతములకు మాత్రము వాడరాదు. పై 60 రూపాయలు ఢిల్లీ మాట. అయితే "తాగునీరు" అను పద్దులో వాననీటిని నిలుపుట, వాడిన నీటిని తిరిగి వాడుట కూడ చేరియున్నవి. చాలమంది గమనింపనిది ఇదే. జనగామ వంటి మెట్టప్రాంతములో, ఇంటింటికి నల్లా నీరు అందుచున్న ఊరు ఈ పద్దు క్రింద తాగునీటి బోరు చుట్టును ఇంకుడు గుంతలు తీయించుకొనవచ్చును. మీ సొంత బావికి ఖర్చు పెట్టరు. కాని ఊరిలో ఇంకిన నీరు గట్టులు చూచి ఆగదు గదా!

పని మాత్రము గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో వ్రాసియుండవలెను. 2022–23 నుండి ఈ ప్రణాళికకు కేంద్రము తొమ్మిది అంశములు సూచించినది: పేదరికము లేని ఊరు, ఆరోగ్యము, పిల్లలు, నీరు, పచ్చదనము–పరిశుభ్రత, మౌలిక వసతులు, సామాజిక భద్రత, సుపరిపాలన, స్త్రీల అభ్యున్నతి. అంశములు పైవారివి, అందులో దేనితో ముందు సాగవలెనో తీర్మానించునది గ్రామసభ. మహబూబాబాదు జిల్లాలోని ఒక తండా పిల్లల పోషణను కోరవచ్చును, ప్రక్క ఊరు నీటిని కోరవచ్చును.

భూపాలపల్లిలో మరియొక త్రోవ కలదు. 2018 జనవరిలో ఆరంభమైన ఆకాంక్షిత జిల్లాల పథకములో ఈ జిల్లా చేరినది. అచట 49 సూచికలతో ప్రగతిని కొలుతురు. ఆరోగ్యము–పోషణకు నూటికి 30, విద్యకు 30, వ్యవసాయము–నీటికి 20 చొప్పున విలువ కట్టిరి. కొలబద్ద ఢిల్లీది, కార్యప్రణాళిక జిల్లాది. ఇట్టి పద్ధతిలో కొలతకు అందని కష్టము వెనుకబడు ప్రమాదము లేకపోలేదు.

ఇంకొక షరతు తెలంగాణ పల్లెలకు అనుభవమే. ఎన్నికైన పాలకవర్గము లేనిచో ఈ గ్రాంటు విడుదల కాదు. 2024 ఫిబ్రవరిలో సర్పంచుల పదవీకాలము ముగిసెను. ఎన్నికలు 2025 డిసెంబరులో గాని జరుగలేదు. నడుమ ప్రత్యేకాధికారుల పాలనలో నిధులు నిలిచిపోయి పంచాయతీలు ఇబ్బంది పడినవి.

2026–31 కాలమునకు లెక్క కట్టినది 16వ ఆర్థిక సంఘము. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము (2018) ప్రకారము గ్రామసభ రెండు నెలలకొకసారి జరుగవలెను. రాబోవు సభకు వెళ్లినపుడు ఈ సంవత్సరపు ప్రణాళికను పైకి చదువుమని కార్యదర్శిని అడుగుడు. ఏ పద్దుకు ఎంత వచ్చినది, అందులో వాననీటి పని ఏదైన ఉన్నదా అని విచారించుడు. లేనిచో అచ్చటనే తీర్మానము వ్రాయించి, మినిట్సు పుస్తకములో చేరినదని చూచుకొని లేవుడు.