జోడు బిగువు, తాళం నిలకడ

ఐర్లండ్ సంప్రదాయ నృత్యంలో చేతులు నిశ్చలంగా ఉంటాయి, తాళమంతా పాదాలదే. గట్టి బూట్ల ముందుభాగానికీ మడమకూ అమర్చిన ఫైబర్‌గ్లాస్ దిమ్మలు వేదికను తాకి ధ్వని పుట్టిస్తాయి. అయితే వాడేకొద్దీ తోలు సాగుతుంది. మడమ జారితే తాళం తప్పుతుంది. చీలమండ మెలిపడే ప్రమాదమూ ఉంది.

లేసులు, బకిల్ పట్టీ చాలనప్పుడు నర్తకులు నల్లని ఎలాస్టిక్‌ను ఆశ్రయిస్తారు. దానిని మడమ దిమ్మకు ముందున్న వంపు కిందుగా పోనిచ్చి, పాదం పైన కలుపుతారు. ఆ వంపు నేలకు అంటదు కనుక ఎలాస్టిక్ అరగదు. మరీ బిగిస్తే పాదం తిమ్మిరెక్కుతుంది. అందుచేత బూటు తొడిగి, కొలత చూసి, కొన్ని అడుగులు వేసిన పిమ్మటే కొసలు కుట్టడం మేలు. సాగిన ఎలాస్టిక్‌ను వెంటనే మార్చాలి. ఏమైనా, కొలత కుదరని బూటును ఎలాస్టిక్ సరిచేయలేదు.