అమ్మ మెడి-కాల్‌కి మంగళగిరి స్థలం అడ్డమా?

ఫిబ్రవరి మొదటి వారంలో అమ్మ పేరు మీద పసుపు కవరు వచ్చింది. మెడి-కాల్ రెన్యువల్ కోసం కౌంటీ ఏటా పంపేదే. నిరుడు పది నిమిషాల్లో నింపి పంపేశాను. ఈసారి కవరు బరువుగా ఉంది. బ్యాంకులో డబ్బెంత, ఇంకో ఇల్లుందా, స్థలాలున్నాయా అని అడుగుతున్నారు. కవరులో చాలా భాషల్లో సమాచారం ఉంది. హిందీ, పంజాబీ కనిపించాయి, తెలుగు లేదు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని మరీ వెతికింది.

కాలిఫోర్నియాలో తల్లిదండ్రులను గ్రీన్‌కార్డు మీద తెచ్చుకున్న తెలుగువాళ్లలో మెడి-కాల్ తెలియని ఇల్లు తక్కువ. మెడికెయిడ్‌కు ఈ రాష్ట్రంలో పెట్టుకున్న పేరే మెడి-కాల్. చాలా రాష్ట్రాల్లో గ్రీన్‌కార్డు వచ్చాక ఐదేళ్లు ఆగితే కానీ పెద్దవాళ్లకు మెడికెయిడ్ రాదు. ఆ తర్వాత కూడా 65 దాటిన మనిషి పేరు మీద 2,000 డాలర్లకు మించి ఉండకూడదనే చోట్లే ఎక్కువ. కాలిఫోర్నియా తన సొంత డబ్బు పెట్టి ఆ ఐదేళ్ల ఎదురుచూపు లేకుండా చేసింది. డబ్బు కట్టి మెడికేర్ కొనుక్కుందామన్నా ఐదేళ్లు ఇక్కడ ఉండి తీరాలి. అమ్మ వచ్చి రెండేళ్లే. వయసు 71, షుగరు, గుండెలో ఒక స్టెంటు. మెడి-కాల్ పోతే బయట పూర్తి ధరకు ఇన్సూరెన్స్ కొనాలి.

ఈ ఆస్తి లెక్క కథ మా సాఫ్ట్‌వేర్‌వాళ్లకు వెంటనే అర్థమవుతుంది. దశాబ్దాల పాటు కాలిఫోర్నియాలోనూ పరిమితి ఒక మనిషికి 2,000 డాలర్లే. 2021లో చేసిన చట్టంతో 2022 జూలై 1 నుంచి దాన్ని లక్షా 30 వేలకు పెంచారు. 2024 జనవరి 1న ఆస్తి లెక్కే ఎత్తేశారు. సరిగ్గా ఆ తర్వాతి నెలలో అమ్మ దరఖాస్తు పెట్టాను. అందుకే ఊళ్లో ఏముందని ఎవరూ అడగలేదు. 2025లో రాష్ట్ర బడ్జెట్ లోటు 12 వందల కోట్ల డాలర్ల దాకా వచ్చింది. గవర్నర్ మే నెలలో మళ్లీ 2,000 పరిమితి పెడదామన్నారు. చట్టసభ బేరమాడి లక్షా 30 వేల దగ్గర ఆపింది. ఇంట్లో మరో మనిషి ఉంటే ఇంకో 65 వేలు కలుపుతారు. అంటే భార్యాభర్తలకు లక్షా 95 వేలు. ఇది 2026 జనవరి 1 నుంచి అమలు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే రెండేళ్ల కిందటి మార్పును రివర్ట్ కొట్టారు.

ఈ మార్పు బడ్జెట్‌తో పాటు ఆమోదించిన ఏబీ 116 అనే బిల్లులో ఉంది. పత్రాలు లేని పెద్దల కొత్త చేరికలు ఆపడం కూడా అందులోదే. వార్తల్లోకి అదే ఎక్కింది. ఆస్తి సంగతి మన వాట్సాప్ గ్రూపుల దాకా రాలేదు. పాతవాళ్లను జనవరిలోనే తీసేయడం కూడా ఉండదు. ఎవరి రెన్యువల్ నెలలో వాళ్లను అడుగుతారు. అందుకే ఒక ఇంట్లో ఈ గొడవ అయిపోయి ఉంటుంది, పక్కింటికి ఇంకా కవరే వచ్చి ఉండదు.

అన్నట్టు, చట్టాల్లో నాకు నచ్చిన మాట ఒకటుంది. యాభై దాటినవాళ్లకు పత్రాలతో పనిలేకుండా మెడి-కాల్ ఇచ్చిన చట్టంలో తేదీ వేసి ఊరుకోలేదు. కంప్యూటర్ వ్యవస్థలు సిద్ధమయ్యాయని డైరెక్టరు రాతపూర్వకంగా చెప్పాకే అమలు, అది కూడా 2022 మే 1 కంటే ముందు కాదు, అని రాశారు. చట్టం ప్రోగ్రామర్ల కోసం ఆగడం నాకు ముచ్చటేసింది. ఈసారి మాత్రం లెక్క ప్రోగ్రామర్ల చేతిలో లేదు, మంగళగిరి బ్రోకర్ల చేతిలో ఉంది.

ఉంటున్న ఇల్లు, ఒక కారు, ఇంట్లో సామాను లెక్కలోకి రావు. అమ్మకు ఇక్కడ అవేమీ లేవు, నా ఇంట్లో నాతో ఉంటుంది. ఉన్నవి రెండే. నాన్న పోయాక విజయవాడ ఫ్లాటు అమ్మి వేసిన 60 లక్షల ఎఫ్‌డీ, మంగళగిరి దగ్గర 200 గజాల స్థలం. డాలరుకు 90 రూపాయలు వేసుకుంటే ఎఫ్‌డీ 66 వేల పైచిలుకు. స్థలం సంగతే తేలదు. రాజధాని వార్తలతో అక్కడ రేట్లు లేచాయి, 2019 చివర్లో మూడు రాజధానులన్నాక పడుకున్నాయి, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ లేచాయి. రిజిస్ట్రేషన్ విలువ గజం 12 వేలు. మావయ్య ఒక బ్రోకర్నడిగితే 20 వేలన్నాడు, ఇంకొకాయన 35కి తక్కువ అమ్మొద్దన్నాడు. మొదటాయన లెక్కన అమ్మ ఆస్తి మొత్తం లక్షా 11 వేల డాలర్లు, పరిమితి లోపలే. రెండో ఆయన లెక్కన లక్షా 44 వేలు. సాక్రమెంటోలో గీసిన గీతను అమ్మ దాటిందో లేదో అమరావతి రేటు చెప్పాలి.

సలహాలకు కొదవలేదు. 'ఇండియాలోది వాళ్లకెలా తెలుస్తుంది, రాయకు' అన్నాడొక మిత్రుడు. ఆ ఫారం మీద సంతకం అబద్ధమైతే శిక్షకు ఒప్పుకుంటూ చేసేది. పైగా విదేశీ ఖాతాల్లో 10 వేల డాలర్లు దాటితే గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కూడా ఏటా ఎఫ్‌బీఏఆర్ వేయాలి. అమ్మ ఎఫ్‌డీని నేనే రెండేళ్లుగా అందులో చూపిస్తున్నాను. ఫెడరల్ ప్రభుత్వానికి ఉందని చెప్పి రాష్ట్రానికి లేదని ఎలా చెప్పను? ఇంకొకరు స్థలాన్ని చెల్లి పేరున మార్చేయమన్నారు. 2024, 2025ల్లో ఇలా రాసిచ్చినా ఇబ్బంది లేదు. ఈ జనవరి తర్వాత రాసిచ్చి, రేపు అమ్మను నర్సింగ్ హోమ్‌లో పెట్టాల్సి వస్తే 30 నెలల వెనక్కి వెళ్లి చూస్తారు.

ఈ మాటలన్నీ వంటింట్లోంచి అమ్మ వింటూనే ఉంది.

"నన్ను తెచ్చేటప్పుడు నువ్వేదో కాగితం రాసిచ్చావు కదరా?" అంది.

రాసిచ్చాను. అమ్మ పోషణ భారం నాదేనని ప్రభుత్వానికి ఇచ్చిన అఫిడవిట్ అది. నెల తిరిగితే నా జీతం బాగానే వస్తుంది. అమ్మ గుండె డాక్టరుకు మాత్రం రాష్ట్రం కడుతోంది. చట్టం ఒప్పుకుంది కాబట్టే తీసుకున్నాం, తప్పు చేశామని నేననుకోను. అయినా ఆ ప్రశ్న అమ్మ నోటి నుంచి వచ్చాక గొంతు పెగల్లేదు.

"ఉన్నది ఉన్నట్టు రాయి. తీసేస్తే తీసేస్తారు. స్థలం నాన్న కొన్నది, లేదని మాత్రం నేను సంతకం పెట్టను" అంది.

కౌంటీకి ఫోన్ చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలంటే ఉచితంగానే ఇచ్చారు. అమ్మ తనే మాట్లాడింది. ఆస్తి ఏ దేశంలో ఉన్నా రాయమని, స్థలానికి వాల్యుయర్ సర్టిఫికెట్ జత చేయమని చెప్పారు. పరిమితి దాటితే ఏం చేయాలని కూడా అడిగింది. ఆ నెలలో ఏదో ఒక రోజు మొత్తం పరిమితి లోపలికి వస్తే ఆ నెలకు సరిపోతుందన్నారు. ఎఫ్‌డీలో కొంత తీసి నాన్న ఆసుపత్రి ఖర్చుకి మావయ్య పెట్టిన డబ్బు తీర్చేస్తానని అమ్మ అప్పుడే లెక్క కట్టుకుంది. ఆ బాకీ ఉన్నట్టు నాకు అంతవరకు తెలియదు.

మీ ఇంటికీ కవరు వస్తే పక్కన పడేయకండి. గడువులోగా పంపకపోతే మెడి-కాల్ ఆగిపోతుంది. ఆగినా 90 రోజుల్లోగా కాగితాలిస్తే కొత్త దరఖాస్తు లేకుండానే మళ్లీ చూస్తారు. ఈ ఆస్తి లెక్క ముఖ్యంగా 65 దాటినవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు, నర్సింగ్ హోమ్ అవసరమైనవాళ్లకు. ఆదాయం ఒక్కటే చూసి మెడి-కాల్ ఇచ్చే మిగతా పెద్దలకు, పిల్లలకు ఇది లేదు. విజిటర్ వీసా మీద వచ్చే తల్లిదండ్రులకు దీనితో సంబంధమే లేదు, వాళ్లు ట్రావెల్ ఇన్సూరెన్స్ చూసుకోవాల్సిందే.

మావయ్య మంగళగిరిలో వాల్యుయర్‌ని పట్టుకున్నాడు. సర్టిఫికెట్ మొన్న స్కాన్ చేసి పంపాడు. గజం 27 వేలట. రెండూ కలిపితే లక్షా 26 వేల 667 డాలర్లు. ఫారంతో పాటు రెండు బ్రోకర్ల మాట కూడా రాయాలా అని అమ్మ అడిగింది. వద్దన్నాను, సర్టిఫికెట్ చాలన్నాను. కవరు పోస్టులో వేసి వచ్చాం. జవాబు ఇంకా రాలేదు. రోజూ మధ్యాహ్నం పోస్టు వ్యాన్ వెళ్లాక అమ్మే తాళంచెవి తీసుకుని మెయిల్‌బాక్స్ దాకా నడుస్తోంది.