సాగరతీరమునకు త్రోవ

సముద్రము ఎవరి సొత్తును కాదు. ధనికుడు, దరిద్రుడు అను భేదము లేక అందరి పాదములను అది తడుపును. మరి ఆ పాదములతో నడువలేనివారి మాట ఏమి? ఉప్పల్, నాచారం ప్రాంతములలో చక్రాల కుర్చీపై బడికి పోవు విద్యార్థికి సముద్రము ఎంత దూరము? విశాఖపట్టణము సుమారు 600 కిలోమీటర్లని భూగోళము చెప్పును. ఆ విద్యార్థి మాత్రము దూరమును మెట్లతో లెక్కింపవలసి యున్నది.

ఈ లెక్కలో కొంత మేలు జరిగినది. 2017 నవంబరులో ఉప్పల్ మీదుగా మెట్రో రైలు నడువనారంభించెను. స్టేషన్లలో లిఫ్టులును, అంధులకు దారి తెలుపు గరుకు పలకలును కలవు. 2023 జూన్‌లో ఉప్పల్ కూడలిపై లిఫ్టులతో కూడిన 660 మీటర్ల ఆకాశ వంతెనను ప్రారంభించిరి. నాచారం వారు హబ్సిగూడలో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగినచో రైల్వే స్టేషను చేరువనే యున్నది. అయితే ఇంటినుండి లిఫ్టు వరకు గల కాలిబాట ఒక్కచోట తెగినను ఆ లిఫ్టు ఉండియు లేనట్లే. పిమ్మట రైలుపెట్టె మెట్లును, ఇరుకు వాకిలియు ఉండనే యున్నవి.

ఇన్నియు దాటి తీరము చేరినను ఇసుక అడ్డగించును. సన్నని చక్రము తన బరువునంతయు కొద్దిచోటున మోపుటచే పొడి ఇసుక ప్రక్కలకు తొలగి, చక్రము దిగబడును. ఒంటె వెడల్పైన పాదముతో ఎడారి దాటుచున్నది గదా! ఆ సూత్రముననే లావైన గాలిచక్రముల కుర్చీలను తయారుచేసిరి. రెండవ ఉపాయము ఇసుకపై గట్టిబాట పరచుట. చెన్నై మెరీనా తీరమున 2022 నవంబరు 27న 263 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు గల కొయ్యబాటను తెరిచిరి. పక్షము దినములైనను గడువకమునుపే మాండూస్ తుపానుకు అది దెబ్బతినగా, బాగుచేసి మరల వాడుకలోనికి తెచ్చిరి. త్రోవ వేయుటతో పని ముగియదు; దానిని ఏటేట కాపాడుకొనవలెను.

విశాఖలోని రుషికొండ తీరమునకు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించినది. వికలాంగులకు సదుపాయములు కల్పించుట ఆ గుర్తింపు నియమములలో నొకటి. మన దేశపు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమును ఇతరులతో సమానముగ వినోదములలో పాల్గొను హక్కును వారికి గుర్తించినది. కావున ఇది దయతో చేయు ఉపకారము కాదు.

బడి విహారయాత్రకు పేర్లు వ్రాసికొనునపుడు "నీవు రాలేవు గదా నాయనా" అని మెత్తగా పలికిన మాట పసిమనస్సులో ఎంతకాలము నిలుచునో ఉపాధ్యాయులకు చెప్పనక్కరలేదు. ఆ మాటకు ముందు చేయదగిన పని యొకటి కలదు. తరగతి పిల్లలు కొలబద్దతో బయలుదేరి, బడి గేటునుండి మెట్రో లిఫ్టు వరకు చక్రము ఆగిపోవు చోట్లను గుర్తింపవచ్చును. అడుగు ఎత్తునకు పన్నెండడుగుల వాలుబాట కావలెనను లెక్కతో ఒక పటము గీసి పురపాలక అధికారులకు అందజేయవచ్చును. సముద్రయాత్రకు అదియే తొలి మజిలీ.