వంతెనయు ఉప్పుగాలియు

విశాఖపట్టణమున గాజువాక, గోపాలపట్నము, మఱ్ఱిపాలెము దిక్కులనుండి వచ్చు మార్గములు కలియు ఎన్‌.ఏ.డి. కొత్తరోడ్డు కూడలి చిరకాలము ప్రయాణికుల ఓర్పునకు పరీక్షాస్థానమై యుండెను. రేవు సరకుల లారీలు, ఉక్కు కర్మాగారపు కార్మికుల బస్సులు, విమానాశ్రయమునకు త్వరపడు కార్లు అన్నియు నచ్చటనే చిక్కువడుచుండెడివి. విశాఖపట్నము మహానగర ప్రాంతాభివృద్ధి సంస్థవారు ఆ కూడలిపై వలయాకారమున కాంక్రీటు వంతెనను కట్టించిరి. 2021 డిసెంబరులో నాటి ముఖ్యమంత్రి శ్రీ జగన్మోహనరెడ్డిగారు దానిని ప్రారంభించిరి. ఈ సత్కార్యమును మేము మనఃపూర్వకముగ అభినందించుచున్నాము. కాని ప్రారంభోత్సవముతో పని ముగిసినదని తలచుట పొరపాటు.

కాంక్రీటు రాతివంటిది. ఎంత బరువునైన మోయును గాని, సాగదీసినచో పగులును. ఆ లాగుడును భరించుటకే దానిలో ఉక్కు కడ్డీలను పొదుగుదురు. కాంక్రీటునందలి క్షారగుణము కడ్డీలను తుప్పునుండి కాపాడుచుండును. సముద్రపు గాలిలోని ఉప్పు కొంచెము కొంచెముగ లోనికింకి కడ్డీని చేరెనా, ఆ రక్షణ నశించును. తుప్పు ఇనుముకంటె హెచ్చు చోటాక్రమించును గావున లోపలినుండియే కాంక్రీటును చీల్చును. పగులు మన కంటబడునప్పటికి వ్యాధి ముదిరియుండును.

ఇది వట్టి భయము గాదు. ఇటలీదేశపు రేవుపట్టణమగు జెనోవాలో 1967లో తెఱచిన మొరాండి వంతెన 2018 ఆగస్టు 14వ తేదీని కూలి 43 మందిని బలిగొనెను. కాంక్రీటులో కప్పియుంచిన ఉక్కుతీగలు తుప్పుపట్టుటయు, సకాలమున మరమ్మతు జరుగకుండుటయు కారణములని నిపుణులు తేల్చిరి.

మన రైతుల కీ పాఠము క్రొత్తది గాదు. చెఱువు త్రవ్వించినవాని పేరు శాసనమున కెక్కును. ఏటేట తొలకరికి ముందు గట్టునందలి ఎలుకబొఱియలు పూడ్చినవాని పేరెవ్వ రెఱుగుదురు? అయినను ఆయకట్టు పండుట ఆ రెండవవాని చలువయే.

విశాఖలో మెట్రో రైలుతోపాటు రెండంతస్తుల వంతెనలను కూడ కట్టవలెనను ప్రతిపాదన కలదు. కావున ప్రభుత్వమువారిని మేము కోరున దిది. ప్రతి వంతెన అంచనాలోను నిర్మాణవ్యయముతోపాటు నిర్వహణనిధిని చేర్చవలెను. వానకాలమునకు ముందొకసారి, పిదప నొకసారి అతుకులను, ఆధారపు దిమ్మెలను, నీరుపోవు తూములను పరీక్షింపవలెను. ఆ పరీక్షాఫలితములను పౌరులు చదువుకొనునట్లు తెలుగున ప్రకటింపవలెను. కొత్తరోడ్డు వంతెనతోనే ఈ మర్యాద ఆరంభమగుట యుక్తము. అది యింకను క్రొత్తది. ఇప్పటి ఖర్చు స్వల్పము, ముప్పదియేండ్ల పిదప కాబోవు ఖర్చు అపారము.

1966లో ఉక్కు కర్మాగారముకొఱకు ఆంధ్రులు పోరాడిరి, ప్రాణములర్పించిరి. అట్లు ఉక్కును సాధించుకొన్న జాతికి దానిని తుప్పుపాలు గాకుండ కాపాడుకొనుట అసాధ్యము గాదు.