తాళ్లపాకవారి రాగిరేకులు

వాగ్గేయకారుని కృతి నిలుచుటకు నాతని ప్రతిభ యొక్కటియే చాలదు. వంశీయుల పూనికయు వలయును. ఇందులకుఁ దాళ్లపాకవారి చరిత్రము మంచి నిదర్శనము.

అన్నమాచార్యుఁడు క్రీ. శ. 1424 మొదలు 1503 వఱకు శ్రీవేంకటేశ్వరునిపై సంకీర్తనములు రచించెనని రాగిరేకులలోని శాసనము తెలుపుచున్నది. అవి ముప్పదిరెండువేలని ప్రసిద్ధి. లభించినవి యందు సగమునకుఁ దక్కువ. ఆ లభించినవియైనను నిలుచుటకుఁ గారణము కుమారుఁడగు పెదతిరుమలాచార్యుఁడు. తాటాకు చెదలకును తేమకును లోనగునది. అందుచేతఁ దండ్రి పాటలను రాగిరేకులపైఁ జెక్కించి, తిరుమల యాలయమునందలి సంకీర్తన భాండారమునఁ జేర్చెను. అధ్యాత్మ శృంగార విభాగమును బాటింపఁబడెను. పాటపాటకు రాగనామము వ్రాయఁబడెను. ఇల్లు దాయభాగములకు లోఁబడును. కోవెల యట్లు గాదు. నిధిని స్వగృహమున దాఁపక దేవాలయమున నుంచుట దూరదృష్టి యనవలయును.

మనుమల సేవయుఁ దక్కువది గాదు. అన్నమాచార్యుని సంస్కృత సంకీర్తనలక్షణము నేఁడు లభింపదు. చినతిరుమలాచార్యుని తెనుఁగుసేతవలననే యందలి విషయము తెలియవచ్చుచున్నది. చిన్నన్న ద్విపదగా రచించిన అన్నమాచార్య చరిత్రము లేకున్నచో, పాటలు మిగిలియు వానిఁ బాడిన పురుషుని జీవితము చాలవఱకు మఱుఁగుపడియుండెడిది.

ఇంత జాగరూకతయందును నొక లోపము మిగిలెను. రేకులపై రాగము పేరు గలదుగాని స్వరములు లేవు. పాట నడక గాయకుల కంఠములయందే యుండెను. ఆ పరంపర తెగఁగా వరుసలును బోయినవి. ఇరువదవ శతాబ్దమున రేకులు పండితుల చేతికి వచ్చినపుడు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు మొదలగువారు సాహిత్యమును బరిష్కరింపఁగలిగిరి. సంగీతమునకుమాత్ర మాధారము లేమిచే, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు నూతనముగా స్వరపఱుపవలసివచ్చెను. నేఁడు వినఁబడు వరుసలలోఁ బెక్కు లిట్లు తరువాతివారు గట్టినవే. అన్నమాచార్యుఁడు పాడినట్టివని యెంచుట పొరపాటు.

ఇది పెదతిరుమలాచార్యుని యుపేక్ష యనరాదు. నాఁడు పాట నేర్చుట గురుముఖముననే. ఆ మార్గము తెగునని యెవరూహింపఁగలరు? లోహ మక్షరమును గాచును. గానమును గాచువాఁడు శిష్యుఁడు. ఇప్పుడు స్వరలిపియు ధ్వనిముద్రణమును గలవు. కావున నింటఁ గళాకారుఁడు గలవారు వ్రాఁతప్రతులను భద్రపఱచుటతోఁ దృప్తినొందక, యాతఁడు జీవించియుండఁగనే పాడు తీరును గూడ నెక్కింపవలయును. ఇంటనో వెలుపలనో యొక్కనికైన నేర్పింపవలయును. ఈ రెండవ పని జరుగనిచోట నెంతటి భాండారమైనను సగమునే దాఁపఁగలదు.