రాగం పేరు మిగిలింది, బాణీ మిగలలేదు

శ్రీశైలం ఘంటామఠంలో 2021లో పునరుద్ధరణ పనులు జరుగుతుండగా పాత రాగిరేకులు బయటపడ్డాయి. రేకు కంటపడగానే దాన్ని కడిగి, ఫొటో తీసి, లిపి చదివి, అంకె వేసి జాబితాకెక్కించే పద్ధతి మనకుంది. అదే ఊళ్లో చరిత్ర, పురావస్తు శాస్త్రాల కోసం తెలుగు విశ్వవిద్యాలయం పీఠమూ నడిచింది. సంగీతంపై వచ్చే డిజిటల్ సిద్ధాంత గ్రంథాల మీద మాత్రం అంత శ్రద్ధ కనిపించదు. కంప్యూటర్‌లోకి ఎక్కింది కాబట్టి ఇక చావు లేదన్న నమ్మకమే అందుకు కారణం.

అపోహ: పుస్తకం స్కాన్ చేస్తే చాలు, పాట వెంట వచ్చేస్తుంది.

రాదు. ఇందుకు సాక్ష్యం రాయలసీమలోనే ఉంది. రాజంపేట దగ్గరి తాళ్లపాకలో పుట్టిన అన్నమాచార్యుల కీర్తనలు తిరుమల సంకీర్తన భాండాగారంలో రాగిరేకులపై శతాబ్దాల పాటు చెక్కుచెదరకుండా ఉన్నాయి. రేకుపై రాగం పేరుంది, సాహిత్యం ఉంది. స్వరం లేదు. అందుకే అనంతపురం జిల్లా రాళ్లపల్లికి చెందిన అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు 20వ శతాబ్దంలో ఆ కీర్తనలను కొత్తగా స్వరపరచాల్సి వచ్చింది. ఆయన బాణీలు గొప్పవే. అన్నమయ్య ఎలా పాడాడో మాత్రం ఇక ఎప్పటికీ తెలియదు. పరిశోధకుడు పల్లెల్లో తిరిగి రికార్డు చేసుకొచ్చిన పాటలను పక్కన పడేసి పుటలనే దాస్తే మళ్లీ అదే నష్టం జరుగుతుంది.

ఆ పాటలు చాలాసార్లు గ్రంథం వెనక అట్టకు అంటించిన కవరులో సీడీ రూపంలో ఉంటాయి. రికార్డు చేసుకునే సీడీలో సమాచారం నిలిచేది పలచని రంగుపొర మీద. వేడి, వెలుతురు తగిలితే ఆ పొర పాడవుతుంది. కర్నూలు ఎండలు 40 డిగ్రీలు దాటుతాయని వేరే చెప్పాలా? పైగా ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు సీడీ పెట్టే అరే ఉండడం లేదు. ధ్వని భాండాగారాల అంతర్జాతీయ సంఘం సూచన ప్రకారం అసలు ప్రతిని కుదించని వేవ్ ఫైలుగా, కనీసం 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్థాయిలో ఉంచాలి. 96 కిలోహెర్ట్జ్‌లో అయితే గంట పాటకు సుమారు 2 జీబీ పడుతుంది. 2 టీబీ డిస్కులో దాదాపు వెయ్యి గంటలు పడతాయి. కాబట్టి చోటు చాలదన్న సాకు చెల్లదు. ఆ డిస్కూ ఒకటే ఉంటే లాభం లేదు. మరో ఊళ్లో మరో ప్రతి ఉండాలి, ఫైలు మారలేదని చెక్‌సమ్‌తో అప్పుడప్పుడూ సరిచూడాలి.

అపోహ: పీడీఎఫ్ ఉంది కదా, వెతికితే దొరుకుతుంది.

యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత గ్రంథం తెరిచి చూడండి. తెర మీద ‘రాగం’ అని చక్కగా కనిపిస్తుంది. ఆ మాటను యూనికోడ్‌లో టైపు చేసి వెతికితే ఒక్కటీ దొరకదు. ఆ పేరాను కాపీ చేసి వేరే చోట అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కుప్పగా పడతాయి. స్వరలిపి గతి మరీ ఘోరం. స్వరాక్షరం పైన చుక్క ఉంటే తారస్థాయి, కింద ఉంటే మంద్రస్థాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ చుక్క ఎగిరిపోతే పై షడ్జం మధ్య షడ్జమై కూర్చుంటుంది. దాన్ని చూసి పాడేవారికి తప్పు జరిగిన సంగతే తెలియదు. ఫాంట్లను ఫైలులోనే పొదిగి ఉంచే పీడీఎఫ్-ఏ అనే ప్రమాణం 2005 నుంచీ ఉంది. కనిపించే రూపాన్ని అది కాపాడుతుంది. వెతకడానికి మాత్రం యూనికోడ్ పాఠమే కావాలి.

గ్రంథం పేరు, పరిశోధకుడి పేరు ఎక్కిస్తే కేటలాగు పూర్తయినట్టేనన్నది మరో భ్రమ. త్యాగరాజ సంప్రదాయంలో శుద్ధసావేరి అనే రాగాన్ని దీక్షితుల సంప్రదాయంలో దేవక్రియ అంటారు. ఒక పేరుతో వెతికినవారికి రెండోదీ చూడమని చెప్పే దారి లేకపోతే సగం పరిశోధన వారి కంటపడదు. రాగం, తాళం, వాద్యం, పాడినవారు, రికార్డు చేసిన ఊరు, తేదీ — ఇవన్నీ ఎక్కించాలంటే సంగీతం తెలిసిన మనిషి లైబ్రేరియన్ పక్కన కూర్చోక తప్పదు.

‘అన్నీ శోధ్‌గంగలో ఉంటాయిలే’ అనేవారూ ఉన్నారు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఆ భాండాగారం నిజంగా పెద్ద ఆస్తి. కానీ సిద్ధాంత గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి ఇవ్వాలన్న యూజీసీ నిబంధన వచ్చింది 2009లో. అంతకుముందువి చేరాలంటే విశ్వవిద్యాలయమే పూనుకుని స్కాన్ చేయాలి.

ఇక అన్నిటికన్నా కొత్త చిక్కు పేరుది. తెలంగాణ శాసనసభ 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి పొట్టి శ్రీరాములు పేరు స్థానంలో సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టింది. కనుక పాత కార్డులన్నిటిలో పేరు దిద్దేయాలని అనుకోవచ్చు. అది తప్పు. పట్టా ఇచ్చిన నాటి పేరే నమోదులో ఉండాలి. పాత పేరు నుంచి కొత్తదానికి, కొత్తదాని నుంచి పాతదానికి దారి చూపే సూచిక వేయాలి. లేకపోతే 1990ల నాటి గ్రంథం అట్ట మీద ఒక పేరు, కేటలాగులో మరో పేరు ఉండి, అసలు అలాంటి గ్రంథమే లేదని పాఠకుడు వెనుదిరుగుతాడు.