‘ఇంకో అయిదేళ్ళు’ అనే తేలని లెక్క

శనివారం సాయంత్రం ఎవరింట్లోనో పాట్‌లక్. పులిహోర, గుత్తివంకాయ, పిల్లలకి పీజా. మాట ఎక్కడ మొదలైనా చివరికి చేరేది ఒక చోటికే: “ఇంకో అయిదేళ్ళు కష్టపడితే చాలండీ, ఆ తరువాత హాయిగా ఉండొచ్చు.” అయిదేళ్ళ కిందట కూడా ఇదే అనుకున్నాం. అప్పుడు గ్రీన్ కార్డు రావాలన్నాం, వచ్చింది. పెద్ద ఇల్లన్నాం, కొన్నాం. ఇప్పుడు పిల్లల కాలేజీ అంటున్నాం. మనం ఎంత పరిగెత్తినా గమ్యం అంతే దూరంలో ఉంటోంది.

ఈ జబ్బు మనకే కాదు, కోటీశ్వరులకీ ఉండేది. ఆండ్రూ కార్నెగీ స్కాట్లాండ్ నుంచి 1848లో అమెరికా వచ్చిన పేద నేతగాడి కొడుకు. నూలు మిల్లులో వారానికి డాలరున్నర కన్నా తక్కువ జీతంతో మొదలుపెట్టాడు. 1868 డిసెంబరులో, 33 ఏళ్ళ వయసులో, తన కోసం ఒక చీటీ రాసుకున్నాడు. ఏటా 50 వేల డాలర్ల ఆదాయం చాలని, 35 ఏళ్ళకి వ్యాపారం మానేసి చదువుకోవాలని అందులో నిర్ణయించుకున్నాడు. మరి మానేశాడా? 1901లో ఉక్కు కంపెనీ అమ్మేసేటప్పటికి అతనికి 65 ఏళ్ళు! ఆ తరువాత ఆస్తిలో ఎక్కువ భాగం పంచిపెట్టాడు. అతని డబ్బుతో ప్రపంచం మొత్తం మీద 2,500కి పైగా లైబ్రరీలు కట్టారు. చీటీలో రాసుకున్న కోరిక తీరింది గాని, ముప్పై ఏళ్ళు ఆలస్యంగా.

మనవాడి కథ

ఇక మన యల్లాప్రగడ సుబ్బారావు గారి సంగతి చూడండి. 1895లో భీమవరంలో పుట్టారు. చిన్నతనంలో డబ్బు సంపాదిద్దామని ఇంట్లోంచి కాశీకి పారిపోబోతే తల్లి వెనక్కి తీసుకొచ్చారట. మెట్రిక్ పరీక్ష తప్పి మళ్ళీ కట్టారు. అన్నదమ్ములు స్ప్రూ వ్యాధితో పోవడం ఆయన మనసులో నాటుకుపోయింది. 1923లో బోస్టన్‌లో దిగినప్పుడు చేతిలో డబ్బు లేదు. ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదివారు. కండరాలకి శక్తినిచ్చే పదార్థాల మీద సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేశారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరాక ఆయన నాయకత్వంలో ఫోలిక్ యాసిడ్, బోదకాలుకి వాడే హెట్రజాన్, మెథోట్రెక్సేట్ వంటి మందులకి దారి పడింది. స్ప్రూ చికిత్సలో ఆ ఫోలిక్ యాసిడే పనికొచ్చింది. పేరు కోసం, పేటెంటు సొమ్ము కోసం పాకులాడలేదు. 1948లో, 53 ఏళ్ళకే కన్నుమూశారు.

ఇంతవరకూ గర్వంగా చెప్పుకుంటాం. రెండో వైపు మాత్రం తక్కువగా మాట్లాడుకుంటాం. కొన్నేళ్ళలో తిరిగొస్తానని బయలుదేరిన మనిషి మళ్ళీ ఇండియా చూడలేదు. భార్య శేషగిరి గారు అక్కడే ఉండిపోయారు. పుట్టిన కొడుకు ముఖం ఆయన చూడకుండానే ఆ పసివాడు పోయాడు. ఆయనది తప్పో ఒప్పో తేల్చడానికి మనమెవరం? కాని మన ఆశయానికయ్యే ఖర్చు మనమొక్కరమే కట్టడం లేదని మాత్రం ఆ జీవితం చూస్తే తెలుస్తుంది.

కాగితం మీద పెట్టండి

ఒక ఆదివారం భార్యాభర్తలిద్దరూ కాఫీ కప్పులతో కూర్చుని మూడు విషయాలు రాసుకోండి.

మొదటిది, భద్రత. ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టగలిగారా? హెచ్-1బి మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే సాధారణంగా దొరికే గడువు 60 రోజులే. కొత్త కారు కన్నా ముందు ఇది చూసుకోవాలి.

రెండోది, రేపు. కంపెనీ 401(కె)లో మ్యాచింగ్ ఇస్తుంటే కనీసం అంతవరకైనా కట్టండి. పది వేల డాలర్లు ఏటా 7 శాతం చొప్పున పెరిగితే 20 ఏళ్ళకి సుమారు 39 వేలు, 30 ఏళ్ళకి 76 వేలు అవుతాయి. 7 శాతం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. అయినా తొందరగా మొదలుపెట్టడంలో ఉన్న లాభం మాత్రం ఖాయం. పిల్లల చదువుకి అప్పు దొరుకుతుంది, మన ముసలితనానికి దొరకదు. అందుకని 529 ప్లాన్‌ది రెండో స్థానమే.

మూడోది అసలైనది: ‘చాలు’ అనే అంకె. అది వచ్చాక ఏం చేస్తారో కూడా పక్కనే రాయండి. సంగీతమా, ఊళ్ళో బడికి సాయమా, సొంత కంపెనీయా? ఆ గడి ఖాళీగా ఉంటే ఎంత డబ్బొచ్చినా చాలదు.

ఇంకొక్క లెక్క. అమ్మకి 75 ఏళ్ళనుకోండి. రెండేళ్ళకోసారి ఊరు వెళ్తున్నాం. ఆవిడ 85 దాకా ఉన్నా, మనం కలిసేది ఇంకా అయిదు సార్లే. ‘ఇంకో అయిదేళ్ళు’ అంటే అందులో సగం అయిపోయినట్టే కదా!

పిల్లలూ, ఇది మీకు

మూడు సీసాలు తీసుకోండి. దాచుకోవడానికి ఒకటి, ఖర్చుకి ఒకటి, ఇవ్వడానికి ఒకటి. పుట్టినరోజుకి వచ్చిన డబ్బు మూడింట్లోనూ వేయండి. దేనిలో ఎంతో మీరే నిర్ణయించండి. తరువాత అమ్మానాన్నల్ని ఒక ప్రశ్న అడగండి: “నా వయసులో మీరేం కావాలనుకున్నారు?” జవాబు వెంటనే రాకపోవచ్చు. కాస్త ఓపిక పట్టండి. చాలాకాలంగా వాళ్ళని ఎవరూ ఆ మాట అడగలేదు.